పుట్టగొడుగుల్లో మిగిలిపోయే ఆ చివరి తడి

పుట్టగొడుగు ముక్కల్ని ఫ్యాన్ కింద పరిస్తే మొదట్లో చకచకా ఎండుతాయి. అంచులు ముడుచుకుంటాయి, నిండుగా ఉన్న ట్రే సగం ఖాళీగా కనిపిస్తుంది. ఆ తర్వాత అక్కడే ఆగిపోతాయి. చేతికి పొడిగానే తగులుతాయి గానీ వంచితే తోలులా వంగుతాయి, విరగవు. ఇంకెంతసేపు ఉంచినా అంతే. గాలిలోనే తేమ ఉంటే ముక్క ఒక హద్దు దాటి ఎండదు కదా. ముసురు పట్టిందంటే ఎండినవి కూడా మళ్లీ మెత్తబడతాయి. ఆ స్థితిలో సీసాకెత్తి మూత బిగిస్తే బూజు పట్టడం ఖాయం.

ఆ చివరి తడిని లాగడానికి నేను వాడేది ఎప్సమ్ సాల్ట్. ఇది తినే ఉప్పు కాదు, మెగ్నీషియం సల్ఫేట్. స్నానం నీళ్లలో వేసుకుంటారు, మొక్కలకు వేస్తారు. ప్యాకెట్ విప్పి అలాగే డబ్బాలో పోస్తే మాత్రం ఏ పనీ చేయదు. ఎందుకంటే దాని కడుపు ముందే నిండి ఉంటుంది. ఒక్కో మెగ్నీషియం సల్ఫేట్‌ను ఏడు నీటి అణువులు పట్టుకుని ఉంటాయి. బరువులో చెప్పాలంటే 100 గ్రాముల ఎప్సమ్ సాల్ట్‌లో 51 గ్రాములు నీళ్లే. ఆ నీళ్లను ఓవెన్‌లో వెళ్లగొట్టాలి. అప్పుడు మిగిలే తెల్లటి పదార్థం, పోయిన నీళ్ల కోసం చుట్టూ ఉన్న గాలిని పిండుతుంది.

వెడల్పాటి స్టీలు ట్రేలో పలచగా పరిచి, ఓవెన్‌ను 250 డిగ్రీలకు పెడతాను. ముందు ఉప్పు తన నీళ్లలో తానే కరిగి తడితడిగా అవుతుంది, బుడగలు వస్తాయి. తర్వాత పైన పొర కట్టి, చివరికి ట్రేకు అంటుకున్న తెల్లటి గట్టి పలకలా తయారవుతుంది. అయిందో లేదో కంటికి తెలియదు, తూకం వేయాల్సిందే. 500 గ్రాములు వేస్తే, నీళ్లన్నీ పోతే సుమారు 245 గ్రాములు మిగలాలి. ఏడో నీటి అణువు మొండిది, ఇంటి ఓవెన్‌కు తేలిగ్గా లొంగదు. 280 దగ్గర ఆగిందంటే ఆరు పోయి ఒకటి మిగిలినట్టు. నాకు అది చాలు. గోరువెచ్చగా ఉండగానే పలకను మందపాటి గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, వెంటనే గాలి చొరబడని సీసాలో పోసేస్తాను. బయట వదిలేస్తే గదిలో తేమతోనే దాని పని అయిపోతుంది.

ఫ్యాన్ పని మానేసి మొత్తం ఈ ఉప్పుకే అప్పగించొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. లెక్క చూడండి. కిలో పచ్చి పుట్టగొడుగుల్లో దాదాపు 900 గ్రాములు నీళ్లే ఉంటాయి. పూర్తిగా ఎండబెట్టిన మెగ్నీషియం సల్ఫేట్ 120 గ్రాములు ఎంత లాగినా 126 గ్రాముల నీళ్లు పీలుస్తుంది, అదీ కాగితం మీద. కిలో పుట్టగొడుగులకు కిలోముప్పావు ఎప్సమ్ సాల్ట్ కాల్చాలి! అదే ఫ్యాన్ కింద ముందు ఆరనిస్తే కిలో కాస్తా 120, 130 గ్రాములకు దిగుతుంది. ఇక పోవాల్సిన నీళ్లు 20 గ్రాములకు అటూఇటూ. కాల్చిన ఉప్పు 200 గ్రాములుంటే దర్జాగా సరిపోతుంది.

అరసెంటీమీటరు మందాన కోసిన ముక్కలైతే బాగుంటాయి. డబ్బా అడుగున ఉప్పు పోసి, దాని మీద పలచటి గుడ్డ, ఆ పైన కాళ్లున్న జాలీ స్టాండు, దాని మీద ముక్కలు. ఉప్పు ముక్కలకు ఎక్కడా తగలకూడదు. చేదుగా ఉంటుంది, పైగా కడుపులోకి వెళితే విరేచనాలు పట్టుకుంటాయి. మూత గట్టిగా బిగించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. అంచు విరిగిందని తీసేయొద్దు, కాడ కలిసే చోటే అన్నిటికంటే ఆలస్యంగా ఎండుతుంది. అక్కడ పట్టుకుని వంచితే పటుక్కున విరగాలి. లోపల నల్లగా, మెత్తగా ఏమీ కనబడకూడదు.

ఇంత తతంగం ఎందుకంటే వాసన కోసం. ఓవెన్ వేడిలో పెడితే పుట్టగొడుగు ఎండే ముందు ఉడుకుతుంది, పైన గట్టిపడి లోపల తడి చిక్కుకుంటుంది. 50 డిగ్రీల దగ్గర నిలకడగా నడిచే డ్రయ్యర్ ఉన్నవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు, హాయిగా అందులోనే పెట్టుకోండి. లేనివాళ్లకు ఈ పద్ధతిని మించింది నాకు కనబడలేదు. ఇలా ఎండిన షిటాకే పుట్టగొడుగుల సీసా మూత తీస్తే గదంతా గుప్పుమంటుంది.

తేమ పీల్చే మిగతావాటి సంగతి. బియ్యం పీల్చేది బహు తక్కువ. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీళ్లు పడుతుంది, అంతకంటే పొడి గాలి కావాలన్న మనకు పనికిరాదు. కాల్షియం క్లోరైడ్ బలమైనదే, కానీ తేమ పీల్చి తానే ద్రవంగా మారిపోతుంది. లోతైన గిన్నెలో సగానికే పోసి పెట్టాలి, డబ్బా ఒరిగిందా ముక్కలన్నీ పారేయాల్సిందే. సిలికా జెల్ మంచిదే, కానీ రంగు మారే నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. అది విషం, తినే వస్తువుల దగ్గరకు రానివ్వను. పొడిసున్నం అసలు వద్దు. తడి తగిలితే భగ్గున వేడెక్కుతుంది, కళ్లలో పడితే చూపుకే ప్రమాదం.

ఇంకొకటి, అడవిలో ఏరుకొచ్చేవాళ్ల కోసం. ఎండబెడితే విషం పోతుందనుకోవద్దు. ప్రాణాలు తీసే అమానిటా రకాల్లోని విషం ఎండినా, ఉడికినా అలాగే ఉంటుంది.

వాడిన ఉప్పు గడ్డకట్టి బరువెక్కుతుంది. మళ్లీ ట్రేలో పరిచి కాలిస్తే మళ్లీ పనికొస్తుంది. గుడ్డ దాటి రాలిన పుట్టగొడుగు పొడి ఓవెన్‌లో మాడి ఉప్పు గోధుమరంగుకు తిరిగినప్పుడు మాత్రం, నీళ్లలో బాగా పలచగా కలిపి కుండీల్లో పోసి, కొత్త ప్యాకెట్ విప్పుతాను.