ఎక్కడం ఏముంది, దిగడమే!

మంచు మీద జారడానికి కాళ్ళకు తగిలించుకునే స్కీలు అద్దెకిచ్చే షాపులో మొట్టమొదట అడిగేది పేరు కాదు, బరువు. అదీ వెనకాల పదిమంది లైన్లో ఉండగా, గట్టిగా. మూడేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నాలుగు కిలోలు తగ్గించి చెప్పాను, పక్కన మా ఆయన దగ్గాడు. తర్వాత తెలిసింది, ఆ లెక్క ఎందుకో. మన బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనకు ఎంతవరకు వచ్చు, ఇవన్నీ చూసి స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగ్‌ని ఎంత బిగించాలో తేల్చి స్క్రూడ్రైవర్‌తో తిప్పుతారు. పడితే కాలు మెలిపడేలోపు స్కీ ఊడిపోవాలి, అలాగని ఊరికే ఊడకూడదు. ఆ రోజు నా స్కీలు పదకొండుసార్లు ఊడాయి. అది నాలుగు కిలోల అబద్ధం వల్లా, నేను పడ్డ తీరు వల్లా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

మేం ఉండేది మ్యూనిక్‌లో. దక్షిణం నుంచి "ఫొయెన్" అనే వెచ్చటి కొండగాలి వీచే రోజుల్లో ఆకాశం కడిగినట్టు ఉండి, ఆల్ప్స్ కొండలు పక్క వీధి చివర నిలబడ్డంత దగ్గరగా కనిపిస్తాయి (ఆ గాలికి తలనొప్పి వస్తుందని ఇక్కడి వాళ్ళందరి కంప్లయింట్, నాకు మాత్రం ఎప్పుడూ రాలేదు). వచ్చిన ఆరేళ్ళ వరకు వాటిని అలా బాల్కనీలోంచి చూడడమే. మా వాడు స్కూల్లో చేరాక మొదలైంది అసలు గొడవ. ఫిబ్రవరిలో వారం సెలవులొస్తాయి, క్లాసులో సగంమంది మంచు కొండలకు పోతారు, వీడు వచ్చి "మనం ఎందుకు పోం?" అని. కర్నూల్లో నలభై నాలుగు డిగ్రీల ఎండలో పెరిగినదాన్ని, నాకు మంచంటే ఫ్రిజ్ డోర్ తెరిస్తే పైన గడ్డ కట్టి ఉండేదే.

అమ్మకు ఫోన్లో చెబితే "కాళ్ళు విరగ్గొట్టుకోడానికి డబ్బులు కట్టి మరీ పోతారా?" అంది. డబ్బుల మాట నిజమే. పెద్ద స్కీ ప్రాంతాల్లో ఒక్క రోజు టికెట్టే డెబ్బై యూరోల పైమాట, అద్దెలు, ట్రైనర్ ఫీజు వేరే.

పిల్లలకు ఇక్కడ రెండే రెండు మాటలతో నేర్పుతారు, పిజ్జా, పొమ్మెస్. పొమ్మెస్ అంటే ఫ్రెంచ్ ఫ్రైస్. స్కీలు రెండూ పక్కపక్కన నిటారుగా పెడితే పొమ్మెస్, వేగం పెరుగుతుంది. ముందు కొనలు దగ్గరికి తెచ్చి మడమలు దూరం జరిపితే పిజ్జా ముక్క ఆకారం వస్తుంది, వేగం తగ్గుతుంది. అంతే సిలబస్. నాకు మాత్రం సగం రోజు పట్టింది, ఎందుకంటే కింద లోయ కనపడగానే ఒళ్ళు తనంతట తానే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలిన మరుక్షణం ముందు భాగంలో బరువు ఉండదు, స్కీ చెప్పిన మాట వినదు, బుర్రుమని లాక్కుపోతుంది. ట్రైనర్ అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, పదే పదే ఒకటే చెప్పింది: "మోకాలి కింద ఎముక బూటుకి గట్టిగా ఆనాలి, ముందుకి వాలు." భయపడే వైపుకే వాలమంటుంది! అటు మా వాడు ఆ మధ్యాహ్నానికే చేతులు రెక్కల్లా చాపి నా పక్కనుంచి జారిపోతూ "పిజ్జా అమ్మా, పిజ్జా!" అని అరుస్తున్నాడు. ఎవరో తెలియని ముసలాయన కూడా నన్ను చూసి నవ్వుతూ "పిజ్జా!" అన్నాడు.

రెండో ఏడాదికి నీలం గీత దారులన్నీ దిగగలిగే స్థితికి వచ్చాను. ఆస్ట్రియాలో స్కీ దారులకు మూడు రంగులు, సులువైతే నీలం, మధ్యస్థమైతే ఎరుపు, నిటారుగా ఉంటే నలుపు. అక్కడే ఒక తప్పు చేశాను. మ్యూనిక్ నుంచి గంటన్నరలో టిరోల్‌లోని వైల్డర్ కైజర్ కొండల దగ్గరికి చేరొచ్చు, అక్కడ హోహె సాల్వె అనే శిఖరం ఉంది, 1829 మీటర్లు. దాని నెత్తిన తెల్లటి చిన్న చర్చి. కొండ మీద గుడి కనిపిస్తే మనవాళ్ళ కాలు ఆగుతుందా? తీగ మీద వేలాడుతూ పోయే పెట్టె, గొండోలా ఎక్కి పోయాం. చుట్టూ కొండలు వరసలు వరసలుగా, ఎండలో మంచు కళ్ళు చెదిరేలా, చర్చి గోడకి ఆనుకుని కాసేపు కూర్చున్నాం. కొండ మీది హట్లల్లో, అంటే చిన్న హోటళ్ళలో, ఇంటి తిండి తిననివ్వరని చెయిర్‌లిఫ్టులో తినేందుకు తెచ్చుకున్న పులిహోర అక్కడే తీశాం. గ్లవ్స్ తీస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, వేసుకుంటే పల్లీలు చేతికి దొరకడం లేదు.

తిన్నాక బోర్డు చూస్తే, దిగడానికి నాకు కనపడ్డవన్నీ ఎరుపు, నలుపు గీతలే. ఎక్కేటప్పుడు ఎవ్వరూ ఏమీ అడగరు, టికెట్టు గేటుకి చూపిస్తే చాలు, ఎంత చేతకాని వాళ్ళనైనా తీసుకుపోయి పైన దింపేస్తుంది. ఎర్ర దారి మొదట్లో నిలబడి చూశాను. నా స్కీ కొనల అవతల నేల లేదు, ఎక్కడో కింద ఆవాల్లా మనుషులు. అంచు దాకా వెళ్ళి, మూడు నిమిషాలు నిలబడి, స్కీలు ఊడదీసి భుజాన వేసుకుని మళ్ళీ గొండోలాలోనే దిగాను. కిందికి ఖాళీగా పోయే పెట్టెలో నేనొక్కదాన్నే. ఎదురుగా పైకొచ్చే పెట్టెల్లోంచి అందరూ నన్నే చూస్తున్నారని నా టెన్షన్. మా వాడు, వాళ్ళ నాన్న నాకన్నా ముందే కింద ఉన్నారు. అక్కడ నాకొక గెర్మ్‌క్నోడెల్ కొనిపెట్టారు, ఓదార్పుగా. మన కుడుములాంటి పెద్ద మెత్తటి ముద్ద, లోపల రేగ్గింజంత కాదు, గరిటెడు ప్లమ్ జామ్, పైన వెన్న, గసగసాలు. గసగసాలు చల్లి పెట్టారంటే వీళ్ళు మన వాళ్ళే అనిపిస్తుంది నాకు.

రోడ్డు సంగతికొస్తాను, నిజం చెప్పాలంటే స్కీయింగ్ కన్నా నాకు డ్రైవింగే ఇష్టం. కొత్తగా వచ్చినవాళ్ళకు ఉపయోగపడతాయని నేను చేసిన తప్పులు రెండు మూడు చెబుతా. మొదటి చలికాలం వైపర్ ట్యాంకులో మామూలు నీళ్ళే ఉన్నాయి. ఆటోబాన్ మీద ముందు లారీ లేపిన ఉప్పు బురద అద్దం మీద పేరుకుంటుంటే వైపర్ వేశాను, నీళ్ళు గడ్డ కట్టాయి, చుక్క రాలేదు, ఉన్న బురదని వైపర్ ఇంకా బాగా పూసింది. తర్వాతి పెట్రోల్ బంకు దాకా అరచేతంత సందులోంచి చూస్తూ నడిపాను. టైర్ల మాటకి జర్మన్లది "ఓ నుంచి ఓ దాకా" అనే సామెత, అక్టోబర్ నుంచి ఓస్టర్న్ దాకా, అంటే ఈస్టర్ దాకా, చలికాలపు టైర్లు. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 వరకు మంచు రోడ్డు మీద అవి లేకుండా నడపకూడదు. అక్కడి ఆటోబాన్ ఎక్కడానికి విన్యెట్, అంటే టోల్ చీటీ, కూడా ముందే కొనుక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, శనివారం బయల్దేరకండి. హోటళ్ళలో గదులు మారేది ఆ రోజే, సగం యూరప్ ఆస్ట్రియాలోని ఫెర్న్ పాస్ అనే కనుమ దారి మీదే నిలబడి ఉంటుంది. తప్పదంటే తెల్లారి ఐదుకి ఇడ్లీ కట్టుకుని బయటపడాలి.

ఆ ఫెర్న్ పాస్ దాటి, లాండెక్ మీదుగా పోతే రెషెన్ పాస్ వస్తుంది, 1500 మీటర్ల ఎత్తు. అది దాటితే ఇటలీ, కాని దిగిన ఊళ్ళో అందరూ జర్మనే మాట్లాడతారు. అప్పటిదాకా ఆస్ట్రియాదైన దక్షిణ టిరోల్‌ని మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీకి ఇచ్చేశారు, అందుకే ప్రతి బోర్డు మీద ఊరికి రెండు పేర్లు. అక్కడ చెరువు మధ్యలోంచి ఒక చర్చి గంట గోపురం ఒక్కటే పైకి లేచి ఉంటుంది. ఫొటోల్లో చూసే ఉంటారు. ఊరి పేరు గ్రౌన్, ఇటాలియన్‌లో కురోన్. 1950లో కరెంటు కోసం డ్యామ్ కట్టి రెండు చెరువుల్ని కలిపేసి నీళ్ళు పెంచారు, 163 ఇళ్ళు పోయాయి. పధ్నాలుగో శతాబ్దపు గోపురాన్ని మాత్రం కూల్చకుండా వదిలారు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో వెళ్ళాం. చెరువు మొత్తం గడ్డ కట్టింది. జనం గాలిపటాల్లాంటివి పట్టుకుని స్కీల మీద మంచులో ఎగురుతున్నారు, పిల్లలు స్కేటింగ్. నేను నడుచుకుంటూ గోపురం దాకా పోయి గోడ మీద చెయ్యి పెట్టాను. చలికాలం రాత్రుళ్ళు నీళ్ళ కింద గంటలు మోగుతాయని ఇక్కడి వాళ్ళ కథ, గంటల్ని 1950లో ముంచకముందే దించేశారు మరి. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. మాకు అక్కడ గోపురం కూడా మిగల్లేదు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, అమ్మమ్మ ప్రతి ఏడూ అక్కడికి పోయి, దర్శనం అయ్యాక ఒక వైపుకి చెయ్యి చూపించి "మన ఇల్లు అట్లా" అనేది. అటు నీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. ఫొటో తీసి అమ్మకి పంపిస్తే సాయంత్రం దాకా జవాబు లేదు. తర్వాత "నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయంట?" అని ఒక్క మెసేజ్.

ఆ జూలైలో అమ్మానాన్న ఇక్కడికొచ్చారు. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం, ఏళ్ళ తరబడి ఆయన రూటు అదే. మ్యూజియాలు, ప్యాలెస్‌లు చూపిస్తే అరగంటకోసారి టైం చూసుకున్నాడు. సరే ఈయన్ని స్టెల్వియో తీసుకెళ్దాం అనుకున్నా. రెషెన్ నుంచి కిందికి దిగి ప్రాడ్ దగ్గర తిరిగితే ఆ ఘాట్ మొదలు. 1820 నుంచి 1825 మధ్య, ఆస్ట్రియా సామ్రాజ్యం వాళ్ళు లోంబార్డీకి దారి కోసం కార్లో దొనెగాని అనే ఇంజనీరుతో వేయించిన రోడ్డు, పైన పాస్ 2757 మీటర్లు. ఈ వైపు నుంచి ఎక్కితే నలభై ఎనిమిది హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కోదానికి నంబరు రాసిన రాయి, పైకి పోయేకొద్దీ నంబరు తగ్గుతూ వస్తుంది.

నేను డ్రైవింగ్, నాన్న పక్క సీట్లో. ఆ ఎండలో కూడా మఫ్లర్. మొదటి మలుపు నుంచే కుడికాలితో లేని బ్రేకుని తొక్కడం మొదలుపెట్టాడు. "హారన్ కొట్టమ్మా." ఇక్కడ ఊరికే కొట్టరు నాన్నా, తిట్టుకుంటారు అన్నాను. త్రఫోయి దాటాక ఎడమ పక్కన ఓర్ట్లర్ శిఖరం మంచుతో బయటపడింది, అమ్మ, మా వాడు వెనకసీట్లోంచి ఆహా ఓహో అంటున్నారు, నాన్న చూపు రోడ్డు మీదే. ఇరవయ్యో నంబరు దగ్గరనుకుంటా, పైనుంచి పొడుగ్గా ఒక హారన్. మలుపులోంచి బస్సు! పెద్ద బస్సే, ఆ సందులో. నాన్న నావైపు తిరిగి చూసిన చూపు ఉంది చూశారూ, ఇప్పటికీ గుర్తే.

బస్సుకి మొత్తం మలుపు కావాలి, నేను సగం మలుపులో ఉన్నాను. వెనక్కి పోవాలి. వెనక నాలుగు మోటార్‌సైకిళ్ళు, ఒక క్యారవాన్, పక్కన మోకాలెత్తు రాతి గోడ, దాని అవతల హోహె సాల్వె ఎర్ర దారి దగ్గర చూసినట్టే ఏమీ లేదు. నా చేతులు చెమటలు. నాన్న డోర్ తీసుకుని దిగిపోయాడు. మోటార్‌సైకిళ్ళ వాళ్ళని చేత్తోనే పక్కకి జరిపి, క్యారవాన్‌ని వెనక్కి తోయించి, నా వెనక నిలబడి, కారు డిక్కీ మీద అరచేత్తో చరుస్తూ "రానీ, రానీ, రైట్, రైట్, కొంచెం లెఫ్టు కొట్టు, రానీ... హోల్డాన్!" ఆ హోల్డాన్ కొండకి తగిలి తిరిగొచ్చింది. జర్మన్ బైకు వాళ్ళకు కూడా అర్థమైంది, అందరూ ఆగారు.

బస్సు ముక్కు గోడ అవతలికి వెళ్ళేలా తిప్పి, ఒక్క దెబ్బలో మలుపు దాటించాడు ఆ డ్రైవరు. మా పక్కనుంచి పోతూ చెయ్యి ఎత్తాడు. నాన్న కూడా ఎత్తాడు, మన రోడ్ల మీద ఎదురెదురు బస్సుల డ్రైవర్లు ఎత్తుతారే, రెండు వేళ్ళు, అలాగే. కార్లో కూర్చున్నాక "పవర్ స్టీరింగే, కానీ పనివాడు" అన్నాడు.

పైన ఒకటో నంబరు దాటాక జాతరే. సాసేజ్ బండ్లు, టీషర్టుల కొట్లు, సైకిల్ మీద ఎక్కి వచ్చి రొప్పుతున్న జనం. వాళ్ళ మధ్యలోంచి భుజాన స్కీలు వేసుకుని పోతున్న మనుషులు. జూలైలో! ఇక్కడ హిమానీనదం మీద ఎండాకాలమే స్కీయింగ్, చలికాలం ఈ రోడ్డే మూసేస్తారు. నాన్న ఒకతని స్కీల్ని ఆ కొన నుంచి ఈ కొన దాకా పరీక్షగా చూశాడు.

"దీనికి బ్రేకు యాడ?"

లేదు నాన్నా అని, కాళ్ళు విడదీసి, బూటు ముందు కొనలు కలిపి, రోడ్డు మీదే పిజ్జా చూపించాను. ఇలా చేస్తే మెల్లగా దిగుతుంది అని.

"అట్లయితే అది ఫస్ట్ గేరు," అన్నాడు. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగల్ల. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే కాల్తది."

బోర్మియో వైపు దిగడం మొదలుపెట్టాను. రెండో గేరు. నాన్న కిటికీ అద్దం సగం దించి మోచెయ్యి బయట పెట్టాడు. మొదటి మలుపు ఇంకా దూరంగా ఉండగానే, "హారన్" అన్నాడు.

కొట్టాను.