కొత్త ఫ్యాన్ స్విచ్, పాత వైరింగ్

పాత బండికి రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ (కూలెంట్ వేడెక్కగానే ఫ్యాన్‌ని ఆన్ చేసేది) పోతే అచ్చం అలాంటిదే దొరకడం కష్టం. థ్రెడ్ సరిపోతుంది, పిన్నులు సరిపోవు. చాలామంది వెంటనే కట్టర్ తీసి కంపెనీ సాకెట్ కోసేసి, వైర్లు మెలేసి టేపు చుట్టేస్తారు. నాకైతే అది చూస్తేనే ఒళ్లు మండుతుంది. పాత సాకెట్లో దూరే బ్లేడ్ టెర్మినళ్లు ఒకవైపు, కొత్త స్విచ్ కనెక్టర్ ఇంకోవైపు, మధ్యలో జానెడు వైరు, క్రింప్ చేసి (అంటే టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించి) హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేస్తే జంపర్ రెడీ, ఒరిజినల్ వైరింగ్ జోలికే వెళ్లక్కర్లేదు.

ముందు పాత స్విచ్ ఎర్త్‌ని (బండి లోహపు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కి వెళ్లే దారి) కలిపేదో, పాజిటివ్‌ని కలిపేదో తేల్చుకోవాలి. దానికి ఒకటే పిన్ను ఉందంటే ఎర్త్ దాని బాడీ నుంచే వెళ్తుంది. అలాంటిదాని బదులు రెండు పిన్నులది వేస్తే ఒకదానికి పాత వైరు, రెండోదానికి ఎర్త్. వేడికి వంగే లోహపు రేకుతో పనిచేసే మామూలు బైమెటల్ స్విచ్చే కాబట్టి ఏది ఎటు పెట్టినా ఒకటే.

తిరకాసంతా రెండు పిన్నుల చోట ఒక పిన్నుది వేసేటప్పుడే. ఇగ్నిషన్ ఆఫ్ చేసి సాకెట్లో ఒక్కో వైరుకీ బండి బాడీకీ మధ్య మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (దారి ఉంటే బీప్ అనేది) పెడితే ఒకటి బీప్ అంటుంది, అదే ఎర్త్ అని సంబరపడతాం, కానీ ఫ్యాన్ మోటారు వైండింగ్ రెసిస్టెన్స్ చాలా తక్కువ, దాని గుండా కూడా బీప్ వస్తుంది! అందుకే ఫ్యాన్ ప్లగ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) తీసేసి మళ్లీ చూడాలి. అప్పుడూ బీప్ వస్తే నిజంగా ఎర్తే, దాన్ని టేపు చేసి వదిలేసి రెండో వైరు కొత్త పిన్నుకి ఇవ్వచ్చు. బీప్ పోయిందంటే ఆ స్విచ్ పాజిటివ్‌ని కలుపుతోందన్నమాట. అక్కడ ఒక పిన్నుది పెట్టి కరెంటు వచ్చే వైరు దానికిచ్చారో, ఇంజిన్ వేడెక్కగానే నేరుగా షార్ట్, ఫ్యూజ్ ఢమాల్. రెండు పిన్నులదే వెతుక్కోండి.

కరెంటు సంగతి కూడా చూడండి. రిలే కాయిల్ 0.2 ఆంపియర్ దాకా తీసుకుంటుంది, ఫ్యాన్ నేరుగా అయితే 10 ఆంపియర్లు దాటొచ్చు. రిలే కోసం చేసిన స్విచ్ మీద ఆ లోడ్ మొత్తం పెడితే కాంటాక్టులు కాలిపోతాయి, మధ్యలో రిలే పెట్టాల్సిందే.

స్విచ్ మీద 92-87 అని ఉంటే 92 డిగ్రీల దగ్గర కలిసి 87 దగ్గర విడిపోతుందని. ఆ రెండంకెలూ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకునే డిగ్రీల కంటే పైనే ఉంటే మంచిది, లేకపోతే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉండొచ్చు. బిగించే ముందు కొనను వేడినీళ్లలో ముంచి మీటర్‌తో ఓసారి చూసుకుంటే టెన్షన్ ఉండదు. ఒక పిన్ను రకానికి థ్రెడ్ నిండా టెఫ్లాన్ టేపు చుట్టకండి, ఎర్త్ సరిగ్గా అందకపోవచ్చు, రాగి వాషర్ చాలు. అన్నీ సరిగ్గా ఉండి, టెంపరేచర్ ముల్లు పైకెక్కుతున్నా ఫ్యాన్ రాకపోతే ఇంజిన్ ఆపేసి, చల్లారాక కూలెంట్లో గాలి తీయండి. స్విచ్ కొన చుట్టూ గాలి ఉంటే దానికి వేడి సరిగ్గా తెలీదు.