నిద్రొస్తేనే మందు పనిచేసినట్టా?

మా మెడికల్ షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది మందు పేరు అడగరు. "దురద బిళ్ల ఇవ్వండి", "తుమ్ములకు ఆ చిన్న బిళ్ల" అంటారు. మర్నాడు ఇటుగా పోతూ సర్టిఫికెట్టూ ఇచ్చిపోతారు: "భలే బిళ్లండీ, పడుకుంటే తెల్లారిందాకా మెలకువ రాలేదు." దురద సంగతి ఎత్తరు, నిద్ర సంగతే చెబుతారు. నరసరావుపేటలో 22 ఏళ్లుగా కత్తెరతో స్ట్రిప్పులు కత్తిరిస్తున్న నేనూ చాలాకాలం అదే లెక్కలో ఉన్నాను. మత్తుగా ఉందంటే మందు ఒంటికి పట్టినట్టే.

మూడేళ్ల కిందట కార్తీకంలో నాకే దద్దుర్లు మొదలయ్యాయి. సాయంత్రమయ్యేసరికి నడుం దగ్గర, బెల్టు ఒరుసుకునే చోట, అరచేయంత దద్దు లేచేది. పొద్దుటికి మాయం. మళ్లీ ఇంకోచోట. అమ్మ "ఒంట్లో వేడిరా" అని వంకాయ, గోంగూర, ఎండుచేప మాన్పించింది. మనకు 'పడదు' అనే ఒక్క మాట చాలు. వంకాయ పడదు, దుమ్ము పడదు, కొందరికి తోడికోడలు పడదు.

నేను షాపులో చేతికందిందే వేసుకున్నాను. అందరూ అడిగే ఆ చిన్న బిళ్లే, క్లోర్‌ఫెనిరమిన్, రాత్రికి ఒకటి. దద్దుర్లు అణిగేవి. పదో రోజు కాబోలు, పొద్దున ఏడింటికి స్కూటర్ మీద వెళ్తూ, ఆగి ఉన్న పాలాయన సైకిల్‌ను గుద్దాను. క్యాను దొర్లి పాలన్నీ రోడ్డుపాలు. డబ్బులిచ్చి దణ్ణం పెట్టాను. నన్ను భయపెట్టింది వేరే. ఆ పొద్దున నాకు ఒక్క ఆవలింత రాలేదు. సైకిల్ కనపడింది, బ్రేకు పట్టాలనీ తెలుసు. చెయ్యే ఆలస్యంగా కదిలింది.

తర్వాత చదువుకుంటే తెలిసింది. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే పెద్దవాళ్లలో దాదాపు 20 గంటలు పడుతుందట. రాత్రి బిళ్ల పొద్దున్న స్కూటర్ మీద నాతోపాటే వచ్చిందన్నమాట. 2000లో అమెరికాలోని అయోవా నుంచి వచ్చిన పరిశోధన ఇంకా గట్టిగా తగిలింది. పుప్పొడి పడని 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టారు. ఒకసారి మత్తు తెచ్చే పాత అలర్జీ బిళ్ల డైఫెన్‌హైడ్రమిన్, ఒకసారి మత్తులేని కొత్త రకం ఫెక్సోఫెనడిన్, ఒకసారి మద్యం, ఒకసారి ఉత్తుత్తి బిళ్ల. అన్నిటికంటే అధ్వానంగా నడిపింది మద్యం తాగినప్పుడు కాదు, డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నప్పుడు! నిద్రొస్తోందా అని అడిగితే వాళ్లు చెప్పిన జవాబుకీ, బండి నడిపిన తీరుకీ పెద్దగా పొంతన లేదు. నా ఆవలింతల లెక్క అక్కడే కొట్టుకుపోయింది.

హిస్టమిన్ అని మన ఒంట్లోనే తయారయ్యే రసాయనం ఒకటుంది. అది చర్మంలో విడుదలైతే దద్దు, దురద. ఈ బిళ్లలు దాన్నే అడ్డుకుంటాయి. మెదడులో అదే హిస్టమిన్ మనల్ని మెలకువగా ఉంచుతుంది. పాత మందులు కొవ్వులో కరిగే రకం కాబట్టి మెదడు చుట్టూ ఉన్న కాపలా దాటి లోపలికి దూరి అక్కడా అడ్డుపడతాయి. దురద తగ్గడం ఒక పని, మత్తు రావడం ఇంకో పని. రెండూ ఒకే బిళ్ల చేస్తోంది కాబట్టి మనం ముడిపెట్టేశాం.

1937లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియల్ బోవే, ఆన్-మరీ స్టౌబ్ మొదటిసారి హిస్టమిన్‌ను అడ్డుకునే పదార్థాలు పట్టుకున్నారు. అవి మనుషులకు ఇవ్వలేనంత విషం. 1940లలో పనికొచ్చేవి వచ్చాయి, 1957లో బోవేకు నోబెల్ వచ్చింది. మత్తులేని బిళ్ల కథ మాత్రం నాకు భలే ఇష్టం. టెర్ఫెనడిన్ అని ఒకటి వచ్చింది, నిద్ర తేదు, అందరూ పండగ చేసుకున్నారు. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు లాంటివాటితో కలిపి వాడితే గుండె లయ తప్పుతోందని తర్వాత బయటపడింది. ఆ బిళ్లను లివర్ మార్చేస్తే వచ్చే పదార్థమే అసలు పని చేస్తోందని, గుండె జోలికి పోనిదీ అదేనని తేలింది. దాన్నే విడిగా తయారుచేస్తే ఫెక్సోఫెనడిన్. 1990ల చివరికి అమెరికాలో పాతది పోయి ఇది నిలబడింది. సెట్రిజిన్ కూడా అంతే, హైడ్రాక్సిజిన్ అనే మత్తుమందులాంటి పాత బిళ్ల నుంచి ఒంట్లో పుట్టేదే. మత్తు చాలా తక్కువ, కానీ కొందరికి కునుకు పడుతుంది.

గుంటూరులో స్కిన్ డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆరు వారాలు దాటిన దద్దుర్లకు తిండి కారణం కావడం అరుదన్నారు. చాలామందిలో మన రోగనిరోధక శక్తే మనమీద తిరగబడుతుందట. మత్తులేని రకమే రాసి, చాలకపోతే డోసు పెంచుదామన్నారు. తమ పర్యవేక్షణలో నాలుగు రెట్ల దాకా వెళ్లొచ్చట, సొంతంగా మాత్రం వద్దన్నారు. నాకు రెట్టింపుతో సర్దుకుంది. ఫెక్సోఫెనడిన్‌ను నారింజ, ఆపిల్ రసాలతో మింగితే ఒంటికి సరిగా పట్టదట, మంచినీళ్లే మేలు. గోంగూర మళ్లీ తింటున్నాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

అన్నట్టు, మిరప కోతలప్పుడు కల్లాల్లో వచ్చే తుమ్ములన్నీ అలర్జీ కావు. ఆ ఘాటు ముక్కులో నరాలను కుట్టడం వల్ల కూడా వస్తాయి. వాటికి ఈ బిళ్లలు వేసుకుని ఏం లాభం? ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

మొన్న ఒక లారీ డ్రైవర్ చీటీ తెచ్చాడు, దాంట్లో ఫెక్సోఫెనడిన్ ఉంది. ఇచ్చి పంపాను. నాలుగోరోజు మళ్లీ వచ్చాడు.

"ఇది పని చెయ్యట్లేదు సార్."

"దురద తగ్గలేదా?"

"అది తగ్గింది. నిద్రే రావట్లేదు."

"నువ్వు బండి నడిపేవాడివి కదయ్యా, నిద్ర రాకూడదనే ఇది రాశారు."

కాసేపు కౌంటర్ మీద చిల్లర సర్దుకుంటూ నిలబడ్డాడు.

"అదీ నిజమే సార్. పోనీ ఇవాళ లోడు లేదు, ఆ చిన్న బిళ్ల ఒక్కటివ్వండి."