మేనకోడలి స్పీకింగుకి మార్కులు: ఆరో ఆదివారం

మా అక్క కూతురు నర్సు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాలి, అందులో స్పీకింగులో, అంటే మాట్లాడే భాగంలో, 7 కావాలి. రిటైరయ్యాక నాకు దొరికిన సరదా, ఆదివారం టిఫిన్లయ్యాక డాబా మీద కూర్చుని దానికి ఎగ్జామినరు వేషం వెయ్యడం.

అసలు పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. మధ్యలో ఏదో ఒక విషయం రాసిన కార్డిస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాల దాకా ఒక్కరే మాట్లాడాలి. నేను మూడూ చేయిస్తాను గానీ, ఫోన్లో రికార్డు చేసి మాట మాటా కాగితం మీద పెట్టేది కార్డు ఒక్కటే. ఆ రెండు నిమిషాలకే నాకు అరగంట పడుతోంది.

మొదటి రెండు వారాలు నేను చేసింది వట్టి గ్రామరు మేష్టరి పని. ‘సిన్స్ టూ ఇయర్స్’ అందా, గీత గీశా. తీరా చూస్తే కొలమానాలు నాలుగు: ధారగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమానమైన బరువు. ఇప్పుడు రికార్డింగు నాలుగుసార్లు వింటున్నాను, ఒక్కోసారి ఒక్కదానికే. అదీ సోమవారం. అప్పటికప్పుడు వేస్తే దాని మొహం చూసి అర మార్కు జారిపోతోంది.

ఆగిన చోటల్లా గీత పెడతాను. వాక్యం చివర ఆగితే ఒకటి, మధ్యలో ఆగితే రెండు. చివర ఆగితే ఏం చెప్పాలా అని, మధ్యలో ఆగితే ఎలా చెప్పాలా అని. నన్ను భయపెట్టేది రెండోదే. రెండో వారం 98 సెకన్లలో 112 మాటలు, జంట గీతలు 14. ఈ వారం 118 సెకన్లలో 171 మాటలు, జంట గీతలు 8.

వేగం చూసి మురిసిపోకూడదని నాలుగో వారమే తెలిసింది. ఎక్కడా ఆగకుండా గడగడా చెప్పేసింది, నేను 7 వేసేశాను. ఆ తర్వాత అదే విషయం మీద అడ్డంగా ఓ ప్రశ్న అడిగితే నోరు పెగల్లేదు. బట్టీ! అప్పట్నుంచి కార్డు ముందుగా చూపించట్లేదు.

ఈ వారం కార్డు, నీకు నచ్చిన మనిషి. వార్డులో ఆయా గురించి చెప్పింది. ‘షీ ఈజ్ ఆల్వేస్...’ అని మూడు సెకన్లు ఆగింది. దానికి కావాల్సింది మన ‘సర్దుకుపోవడం’. దొరకలేదు. చివరికి ‘షీ నెవర్ ఫైట్స్, షీ మేక్స్ స్పేస్ ఫర్ ఎవ్రీబడీ’ అంది. పాత లెక్కన ఇది తప్పు కిందకే వచ్చేది. కానీ మాట తట్టనప్పుడు చుట్టు తిరిగి చెప్పగలగడం కూడా పదసంపద కిందకే వస్తుంది. ఆగినందుకు ధారలో కోసి, చెప్పినందుకు పదాల్లో కలిపాను.

ఉచ్చారణ దగ్గరే నా చెవి పనికిరాదు. యాస ఉంటే మార్కులు పోవు, వినేవాడికి తెలియకపోతేనే పోతాయి. తెలుగువాణ్ణి, నాకన్నీ తెలుస్తాయి! అందుకని ఓ బెంగాలీ స్నేహితుడికి రికార్డింగు పంపి, విన్నది విన్నట్టు రాయమన్నాను. ‘షీ మెజర్స్ ది మిల్క్’ అన్నచోట ‘మేజర్’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. మనం ‘జ’తో నెట్టుకొచ్చేసే శబ్దం అది. మిగతాదంతా సరిగ్గానే రాశాడు.

వరసగా 5, 6, 5, 6. సగటు 5.5.

కాగితం చూసి అలిగింది. ‘‘అయితే నువ్వు మాట్లాడు మావయ్యా, నేనేస్తాను’’ అని ఫోను లాక్కుంది. రెండు నిమిషాల్లో నేను ‘యాక్చువల్లీ’ 9 సార్లన్నానట. మూడింటికీ 5 వేసి, ఉచ్చారణ గడి ఖాళీగా వదిలేసింది. అదేమిటే అంటే, ‘‘నువ్వు చెప్పేది నాకెలాగూ తెలుస్తుందిగా, ఆ బెంగాలీ ఆయనకి పంపు’’ అంది.