రీస్టార్ట్ చేసిన నాలుగు నిమిషాలకు తిరిగొచ్చే వైరస్: తొమ్మిదో రోజు

ఇవాళ పొద్దున్నుంచి ఆరుసార్లు రీస్టార్ట్ చేశాను. ప్రతిసారీ స్టాప్‌వాచ్ పెట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను. ఆ వైరస్ ఒక్కసారి కూడా రాలేదు! తొమ్మిది రోజుల తర్వాత ఫ్యాన్ చప్పుడు తగ్గింది, ఎంత హాయిగా ఉందో.

చిన్నాచితకావి ముందే పోయాయి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను యాడ్‌డబ్ల్యూక్లీనర్ అనే క్లీనింగ్ టూల్ తీసేసింది, హోస్ట్స్ ఫైల్లో (ఏ సైట్ పేరు ఏ అడ్రస్‌కు వెళ్లాలో చెప్పే ఫైల్) చేరిన లైన్లు నేనే చెరిపేశాను.

మొండిది మైనర్, అంటే నా కంప్యూటర్ శక్తిని దొంగిలించి క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రామ్. సీపీయూ 85 శాతం దగ్గర ఉండేది, టాస్క్ మేనేజర్ తెరవగానే 4 శాతానికి పడిపోయేది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లన్నీ చూపే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఫైలుకు వేరే పేరు పెట్టి తెరిస్తే అప్పుడు దొరికింది. యాప్‌డేటా రోమింగ్‌లో (ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగ్‌లు దాచుకునే ఫోల్డర్) ఏదో అప్‌డేటర్ లాంటి పేరుతో ఫోల్డర్, అందులోని ఫైల్‌ను దానంతటదే నడిపే షెడ్యూల్డ్ టాస్క్. రెండూ తీసేశాను. రీస్టార్ట్ చేస్తే మళ్లీ రెండూ ప్రత్యక్షం.

ఎప్పుడొస్తోందో రీస్టార్ట్ నుంచి నిమిషాలు, సెకన్లలో టైమ్ రాసుకోవడం మొదలుపెట్టాను: 4.12, 4.51, 4.33, 4.47. ఎప్పుడూ నాలుగు, ఐదు నిమిషాల మధ్యే. మొదట ఇంకో ప్రాసెస్ కాపలా కాస్తోందనుకున్నాను. అలాగైతే తీసిన వెంటనే రావాలి కదా? రీస్టార్ట్ చేయకుండా రెండు గంటలు చూశాను, రాలేదు. నెట్ కేబుల్ పీకి రీస్టార్ట్ చేస్తే టాస్క్ వచ్చింది, ఫోల్డర్ మాత్రం ఖాళీ. అంటే ఫైల్ బయటి నుంచి దిగుతోంది, దాన్ని దింపే ఆదేశం మాత్రం నా కంప్యూటర్లోనే ఉంది.

నన్ను రెండుసార్లు మోసం చేసింది షట్‌డౌన్. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రావట్లేదు, దాంతో పోయిందనే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేలా చేసే విండోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ అప్‌టైమ్, అంటే ఎంతసేపటి నుంచి నడుస్తోందన్న లెక్క, సున్నాకి రాదు, రీస్టార్ట్ చేస్తేనే వస్తుంది. అక్కడ బల్బు వెలిగింది: ఇది అప్‌టైమ్ చూసి లేస్తోంది!

తమంతట తామే మొదలయ్యేవన్నీ చూపే ఆటోరన్స్ టూల్‌ను అడ్మిన్‌గా తెరిచి, ఇన్నాళ్లూ లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్ ట్యాబ్‌లు దాటి పోని నేను డబ్ల్యూఎంఐ (విండోస్ తన పరిస్థితిని గమనించే లోపలి వ్యవస్థ) ట్యాబ్ నొక్కాను. అక్కడుంది. ఎప్పుడు లేవాలో చెప్పే ఫిల్టర్‌లో రాసింది ఇదీ: 60 సెకన్లకోసారి చూడు, సిస్టమ్ అప్‌టైమ్ 240 నుంచి 325 సెకన్ల మధ్య ఉంటే కన్స్యూమర్‌ను, అంటే పని చేసే భాగాన్ని, లేపు. కన్స్యూమర్‌లో బేస్‌64లో (చూడగానే చదవలేని అక్షరాల రూపం) చుట్టిన పొడవాటి పవర్‌షెల్ (విండోస్ కమాండ్ టూల్) ఆదేశం. నా స్టాప్‌వాచ్ అంకెలన్నీ ఆ రెండు అంకెల మధ్యే! ఫిల్టర్, కన్స్యూమర్, ఆ రెంటినీ కలిపే బైండింగ్, మూడూ పవర్‌షెల్ నుంచి తీసేశాను. పక్కనే ఉండే ఎస్‌సీఎం ఈవెంట్ లాగ్ ఫిల్టర్ విండోస్‌ది, దాన్ని ముట్టుకోకండి. చివర్లో విండోస్ మొదలవకముందే వెతికే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా నడిపాను, పావుగంటలో శుభ్రంగా ముగిసింది.

ఇలాంటి పనికి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, ఆటోరన్స్ ఉండే సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌ను మించినవి నేను చూడలేదు. రిజిస్ట్రీ క్లీనర్లు మాత్రం వద్దే వద్దు. వాటితో ఒక రోజంతా పోయింది, ఒక్క ఆధారం కూడా దొరకలేదు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపడం కూడా నాకు నచ్చదు, ఒకదానికొకటి అడ్డం పడతాయి.

ఇది లోపలికి ఎలా వచ్చిందన్న టెన్షన్ ఇంకా ఉంది. అలాంటి ఫిల్టర్, కన్స్యూమర్ జత పెట్టాలంటే అడ్మిన్ హక్కులు కావాలి, నేనేమో రోజూ అడ్మిన్ ఖాతాలోనే పనిచేస్తున్నాను. ఈ రాత్రికే స్టాండర్డ్ ఖాతా పెడుతున్నాను, పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మారుస్తున్నాను. వారాంతంలో కంప్యూటర్లో జరిగేవి రాసిపెట్టే సిస్‌మాన్ ఎక్కించి 19, 20, 21 నంబర్ ఈవెంట్లు లాగ్ అయ్యేలా పెడతాను. డబ్ల్యూఎంఐలో కొత్త ఫిల్టర్, కన్స్యూమర్, బైండింగ్ ఏది చేరినా వాటిలో పడుతుంది. రెండు వారాల లాగ్‌లో ఏ చిన్న తేడా కనిపించినా డిస్క్ మొత్తం తుడిచి విండోస్ కొత్తగా ఎక్కిస్తాను.