కొండ మీద క్లాస్, మొదటి పేషెంట్ నేనే

మా ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీలో (ఆస్పత్రిలో పనిచేస్తూ తీసుకునే స్పెషలిస్టు ట్రైనింగ్) సెకండ్ ఇయర్‌కి వైల్డర్‌నెస్ మెడిసిన్ ఎలెక్టివ్, అంటే కొండల్లో అడవుల్లో వైద్యం నేర్పే ఐచ్ఛిక కోర్సు, ఉందనగానే పేరిచ్చేశా, అడవులంటే ప్రేమేం కాదు, ఆ వారం నైట్ డ్యూటీలు తప్పుతాయని.

హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళకి ఎత్తంటే ఫ్లైఓవరే. క్లాసుల కోసం పొద్దున్నే ఫ్లైటెక్కి కొలరాడోలోని డెన్వర్‌లో దిగాం, అదే 5,280 అడుగులు, అక్కణ్ణించి కార్లో ఎస్టెస్ పార్క్ అనే కొండ ఊరు, అక్కడన్నా ఆగామా అంటే లేదు, ఫొటోల పిచ్చితో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద 12,183 అడుగుల దాకా అదే రోజు వెళ్ళొచ్చాం. డాక్టర్లం కదా, మాకేమవుద్దని! సాయంత్రానికి తల పగిలిపోతోంది, డబ్బాలో పెట్టుకెళ్ళిన పులిహోర వాసనకే వాంతొచ్చేట్టుంది.

మా అటెండింగ్‌కి, అంటే మాకు నేర్పే సీనియర్ డాక్టర్‌కి, క్లాసుకి పేషెంట్ దొరికేశాడు. అందరి ముందూ నాకు లేక్ లూయీస్ స్కోర్ వేయించింది, ఎత్తు ఎంత పడలేదో కొలిచే లెక్క అది: తలనొప్పి, కడుపు, నీరసం, తల తిరగడం, ఒక్కోదానికి 0 నుంచి 3. తలనొప్పి ఉండి మొత్తం 3 వచ్చినా మౌంటెన్ సిక్‌నెస్సే (ఎత్తు పడక వచ్చే జబ్బు), నాకు 5. తర్వాత మడమకి బొటనవేలు ఆనించి గీత మీద నడవమంది, తాగాడేమోనని పోలీసులు గీత మీద నడిపించినోడిలా నడిచా. తూలితే మెదడు వాచినట్టు అనుకోవాలట, అప్పుడు వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఇచ్చి రాత్రయినా సరే కిందికి దింపేయడమే. నేను తూల్లేదు. ఈ జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ 125 ఎంజీ మాత్ర ముందు రోజు నుంచే రెండు పూటలా వేసుకునుంటే పోయేది, ఇదే ముక్క ఈఆర్‌లో (ఎమర్జెన్సీ వార్డులో) ఎంతమందికి చెప్పానో.

రెండో రోజు మధ్యాహ్నం ఉరుములు, అక్కడ ఎండాకాలం దాదాపు రోజూ అంతేనట. పిడుగు పడితే ట్రయాజ్, అంటే ముందెవర్ని చూడాలనే లెక్క, తిరగబడుద్ది, చనిపోయినట్టు పడున్నోళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలి, ఎందుకంటే గుండె తనంతట తను మళ్ళీ మొదలవ్వచ్చు, ఊపిరి మాత్రం మనం అందించాలి. చలికి బిగుసుకుపోయినోణ్ణి తడి బట్టలు తీసేసి, స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టి టార్పాలిన్‌తో కిళ్ళీ చుట్టినట్టు చుట్టడం కూడా నేర్చుకున్నాం. స్ట్రెచర్ మోయడం మాత్రం నరకం! ఒకేసారి ఆరుగురు పట్టాలి, అరమైలుకి గంట దాటింది, మోయించుకున్న ఇంటర్న్ హాయిగా నిద్రపోయాడు.

మూడో రోజు పాము కాటు. అక్కడి విషప్పాము రాటిల్‌స్నేక్ కరిస్తే బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, పీల్చొద్దు, యాంటీవెనమ్ (విషానికి విరుగుడు) ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి అని చెప్పి, ఇండియాలో ఎలా అని మా అటెండింగ్ నన్నడిగింది. గుంటూరులో హౌస్ సర్జన్‌గా చేసిన రోజులు గుర్తొచ్చాయి, తొలకరి పడిందంటే చాలు, పొలాల నుంచి కాలికి తువ్వాలు బిగించుకునే వచ్చేవాళ్ళు. కట్లపాము గురించి చెప్పా: రాత్రి కింద పడుకున్నోణ్ణి కరుస్తుంది, నొప్పుండదు, గాటు కూడా కనపడకపోవచ్చు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, చూడ్డానికి నిద్రమత్తులాగే ఉంటుంది. ఎవరూ మాట్లాడలా.

మరి కట్టిన తువ్వాలు విప్పెయ్యొచ్చా అని ఒకమ్మాయి అడిగింది. టక్కున విప్పకూడదు, ఆగిన విషం ఒక్కసారి ఎక్కుద్ది, యాంటీవెనమ్, ఊపిరి గొట్టం రెడీగా పెట్టుకునే విప్పాలి అని, నా తువ్వాలు తీసి ఆ నిద్రపోయిన ఇంటర్న్ కాలికే బిగించి చూపించా. వాడు ఈసారి లేచాడు.