నీలం తీగ, తెల్ల తీగ: ట్రైలర్‌ను ట్రక్కు గుర్తించేలా చేసిన మూడు వారాల పని

మొదటి వారం

ట్రైలర్ వెనుక లైట్లలోని పాత బల్బులను తీసివేసి ఎల్ఈడీలు బిగించిన మరునాడే, ట్రైలర్ తగిలించినట్లు డ్యాష్‌బోర్డు మీద వచ్చే సందేశం కనిపించడం మానేసింది. మేము డాలస్ శివారులో ఉంటున్నాము. పెరటి తోటకు మట్టి, ఎరువు, అద్దెకు తెచ్చే టిల్లరు మోయడానికి ఒంటి ఇరుసు ట్రైలర్ ఒకటి వాడినది కొన్నాను. దాని ఇరుసు సామర్థ్యం 3,500 పౌండ్లు, చక్రాలకు 10 అంగుళాల డ్రమ్ముల ఎలక్ట్రిక్ బ్రేకులు, అంటే ట్రక్కు పంపే విద్యుత్తుతో అయస్కాంతాలు పనిచేసి చక్రాలను ఆపేవి. లైట్లన్నీ చక్కగా వెలుగుతున్నాయి, ట్రక్కు మాత్రం వెనుక ఏమీ లేనట్లే ప్రవర్తిస్తోంది.

హిచ్ బాల్ (ట్రైలర్ తగిలించే ట్రక్కు వెనుక గుండు) మీద బరువు పడితే ట్రక్కుకు తెలుస్తుందని నేను చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు. చాలా పికప్‌లు ఏడు పిన్నుల ప్లగ్గు ద్వారా బ్రేకు తీగలోకీ లైట్ల తీగల్లోకీ క్షణకాలం విద్యుత్తును పంపి, అది తిరిగి వస్తుందా, ఎంత వస్తుంది అని చూసుకుంటాయి. కరెంటు పారితే ట్రైలర్ ఉన్నట్లు, పారకపోతే లేనట్లు. పాత బ్రేకు లైటు బల్బు సుమారు 2 ఆంపియర్లు తాగుతుంది. ఎల్ఈడీ అందులో పదో వంతుతో సరిపెట్టుకుంటుంది. అందుచేత లైట్ల వైపు నుంచి వచ్చే జవాబు ట్రక్కుకు వినపడనంత సన్నగిల్లింది. ట్రక్కు ఆపి ఉంచినప్పుడు ఎల్ఈడీలు ఉండుండి లీలగా మెరవడానికి కారణం కూడా ఆ పరీక్ష తాలూకు విద్యుత్తే. దాన్ని లైటు చెడిపోవడంగా భావించి కొత్తది కొననవసరం లేదు.

ఇలాంటప్పుడు పాత బల్బులా ఎక్కువ కరెంటు పారేందుకు చాలామంది లైటుకు సమాంతరంగా 6 ఓముల రెసిస్టరు పెట్టమంటారు. అది బ్రేకు నొక్కినంతసేపూ పాతిక వాట్లకు పైగా వేడిని పుట్టిస్తుంది, పక్కన ప్లాస్టిక్ ఉంటే కరిగిస్తుంది కూడా. పైగా నన్ను తొలిచిన ప్రశ్న వేరు: లైట్లు జవాబు చెప్పకపోయినా బ్రేకుల అయస్కాంతాలు చెప్పాలి కదా?

రెండవ వారం

ప్లగ్గును ట్రక్కు నుంచి ఊడదీసి, ట్రైలర్ వైపు నీలం తీగ పిన్నుకూ తెల్ల తీగ పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెట్టాను. నీలం బ్రేకులది, తెలుపు మన ఎలక్ట్రీషియన్లు ఎర్తు అనేది. మిగిలిన రంగులను నమ్మకండి. పడవల, సామాన్ల ట్రైలర్లకు ఒక పద్ధతి, నివాసపు ట్రైలర్లకు మరొక పద్ధతి ఉన్నందున, పిన్ను స్థానాన్ని బట్టే పోవాలి. 10 అంగుళాల బ్రేకులో ఒక్కో అయస్కాంతం నిరోధం సుమారు 3.2 ఓములు. రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి 1.6 ఓములూ, దానిపై తీగల నిరోధం కొంతా రావాలి. నాకు 3.5 వచ్చింది, ఇరుసును కాలితో తన్నితే అదీ పోయి, మీటరు తెగిన తీగను చూపించింది.

దాని అర్థం తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఒక చక్రానికి బ్రేకు అసలు లేదు, రెండవదానికి ఉండీ లేనట్లు ఉంది. ఇన్నాళ్లూ పాత బల్బుల కరెంటును చూసి ట్రక్కు ట్రైలర్ ఉందని చెబుతుంటే, ఆ ఒక్క మాటను నమ్మి నేను మట్టి బస్తాలు మోశాను. ఎల్ఈడీలు వేయకపోతే ఈ సంగతి ఏ ఎర్ర సిగ్నలు దగ్గరో బయటపడేది.

ఇరుసు కింద తీగల అతుకులు తుప్పుపట్టి పొడిగా రాలిపోయాయి. వాటిని కత్తిరించి, టంకం పెట్టి, వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టాలు తొడిగాను. ఎర్తు తీగ చట్రానికి కలిసే చోట రంగును గీకి, కొత్త రింగు బిగించి గ్రీజు పూశాను. అంతకు ముందు లైట్లు వెలుగుతుండగా ట్రక్కు ఎర్తుకూ ట్రైలర్ చట్రానికీ మధ్య 0.9 వోల్టు ఉండేది, ఇప్పుడు 0.1 కూడా లేదు. ఎర్తు బాగాలేకపోతే ఎడమ ఇండికేటరు కరెంటు కుడి లైటు గుండా దారి వెతుక్కుంటుంది. రెండు వైపులా మసకగా మినుకుమంటే ముందు చూడవలసింది అక్కడే.

ఇప్పుడు ప్లగ్గు వద్ద 1.9 ఓములు. ట్రైలర్ బ్రేకులకు విద్యుత్తు పంపే ట్రక్కులోని కంట్రోలరు మీటను చేత్తో పూర్తిగా నొక్కితే, తీగ చుట్టూ పట్టి కరెంటును కొలిచే క్లాంప్ మీటరు 6.4 ఆంపియర్లు చూపించింది. ఈ కొలతకు డీసీని చదవగల క్లాంప్ మీటరు కావాలి, కంట్రోలరులో గెయిన్ (బ్రేకులకు పంపే విద్యుత్తు స్థాయి) పూర్తిగా పెంచాలి. తగ్గిస్తే కంట్రోలరు విద్యుత్తును ముక్కలుగా పంపుతుంది కనుక అంకెలు తప్పుతాయి. సందేశం తిరిగి వచ్చింది, రెసిస్టర్లు అక్కరలేకపోయాయి. ట్రైలర్ విడిపోతే బ్రేకులు వేసే పిన్నును కూడా లాగి చూశాను, అయితే ముందుగా ప్లగ్గు ఊడదీసి. లేకపోతే ట్రైలర్ బ్యాటరీ విద్యుత్తు నీలం తీగలో వెనుదిరిగి ట్రక్కు కంట్రోలరును చేరవచ్చు.

మూడవ వారం

ట్రైలర్ ఉనికి ట్రక్కుకు తెలిసింది, ఇక రెండింటి మధ్య కోణం తెలియాలి. 2016 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150లో వచ్చిన రివర్స్ సహాయ వ్యవస్థ, ట్రైలర్ ముందు కొమ్ము మీద అంటించిన నలుపు తెలుపు గళ్ల స్టిక్కరును వెనుక కెమెరాతో చూస్తూ, అది పక్కకు జరిగినదాన్ని బట్టి కోణాన్ని లెక్కగడుతుంది. నా పాత ట్రక్కుకు ఆ భాగ్యం లేదు. అందుకని తిరిగే వేగాన్ని కొలిచే రెండు ఎంపీయూ-6050 సెన్సార్లను ఒకటి ట్రక్కులో, మరొకటి ట్రైలర్ చట్రం మీద పెట్టి, ఒక్కొక్కదానికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు తగిలించాను. రెండు బళ్లు తిరిగే వేగాల తేడాను కాలంతో కూడుకుంటూ పోతే మధ్య కోణం వస్తుంది. చిక్కల్లా సెన్సారు జరుగుబాటే, అంటే చిన్న తప్పులు పోగుపడి కోణం తప్పుగా పెరగడం: కదలకుండా నిలబెట్టినా ఐదు నిమిషాల్లో 7 డిగ్రీలు చూపించింది. గంటకు 40 మైళ్లు దాటి పది సెకన్లపాటు రెండు సెన్సార్లూ మలుపు లేదంటే కోణాన్ని సున్నా చేయమని రాశాను. రహదారిపై ఇది బాగానే పనిచేస్తోంది. ఇంటి ముందు ముందుకూ వెనక్కూ పదిసార్లు ఆడించేసరికి మాత్రం మళ్లీ 4 డిగ్రీల తేడా వస్తోంది.

వచ్చే శనివారం కప్లర్ (హిచ్ బాల్‌ను పట్టుకునే ట్రైలర్ కొన) పక్కన, తిప్పిన కోణాన్ని బట్టి నిరోధం మారే పొటెన్షియోమీటరు బిగించి, సన్నని కడ్డీతో ట్రైలర్ కొమ్ముకు కలిపి చూస్తాను. కోణాన్ని నేరుగా కొలిచేది కాబట్టి జరుగుబాటు ఉండదు. ఎగుడుదిగుళ్లలో కడ్డీ వంగకుండా రెండు కొనలకూ బాల్ జాయింట్లు తెప్పించాను.